ఎరిగి ఊరకుండుట అబద్ధమగునా?



ఇల్లు కొనినవాడు సొమ్మంతయు చెల్లించి, రిజిస్ట్రేషను ముగించి, తాళపుచెవి చేత పుచ్చుకొనిన పిమ్మట, తనకు ఎవరును చెప్పని లోపమొకటి ఆ యింటిలో కనుగొనెనేని ఏమి చేయవలెను? కోర్టుకు పోవచ్చునా? పోయిన యెడల విశ్వాసి సాక్ష్యము చెడునా? అమ్మినవాడు నోరు తెరచి అబద్ధమాడలేదు గదా. అడిగినదానికి ఉత్తరమిచ్చెను, అడుగనిదానిని చెప్పలేదు. అంతమాత్రమున అతడు దోషియా? ఈ ప్రశ్నలు మా సంఘములో ఒక సంవత్సరమంతయు నలిగినవి. వాటికి ఉత్తరము వెదకుటలో మా తప్పు మాకే కనబడెను గనుక దాచక వ్రాయుచున్నాము.

మా సంఘమందలి ఒక సహోదరి కువైట్ దేశములో తొమ్మిదేండ్లు ఇంటిపని చేసి కూడబెట్టిన సొమ్మును తల్లికి పంపగా, 2022 మార్చి నెలలో ఆ తల్లి మా గ్రామమందే ఒక ఇల్లు తన పేర కొనెను. ధర తొమ్మిది లక్షలు. అమ్మినవారును మన సంఘస్థులే. ఇల్లు చూడబోయిన దినమున గోడలకు క్రొత్తగా సున్నము వేసియుండిరి. వెనుకటి గదికి నున్నని నాపరాళ్లు పరచియుండిరి. తల్లి చూచి సంతోషించెను. కుమార్తె ఫోనులో చూచి సరే అనెను. జూలై వానలకు ఆ వెనుకటి గది నేల జానెడు క్రుంగెను. గోడ మూలనుండి కప్పువరకు నెర్రె విచ్చెను. మేస్త్రీ వచ్చి నాపరాయి లేపి గడ్డపారతో పొడిచి చూడగా క్రింద ఇటుకముక్కలు, బూడిద, పాత పెంకులు కనబడెను. ఆ చోట పూర్వము నుయ్యి యుండెను. 2016లో దానిని పూడ్చి దానిమీద ఆ గది కట్టిరి.

ఆ నుయ్యి పూడ్చుట మేము కన్నులార చూచితిమి. 2014లో ఈ గ్రామమునకు వచ్చిన తరువాత రెండు వేసవులు ఆ నూతి నీళ్లే త్రాగితిమి. క్రయ దస్తావేజునకు సాక్షి సంతకము పెట్టుటకు ఇరు పక్షములవారును మమ్మును పిలువగా వెళ్లి పెట్టితిమి. కలము పట్టినప్పుడు ఆ నుయ్యి జ్ఞాపకము రాకపోలేదు. ఒకరి బేరములో మనకేల అనుకొంటిమి. ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. అమ్మిన సహోదరుడు వచ్చిన సొమ్ములో ఏబది వేలు మందిరపు కప్పుకు ఇచ్చెదనని మ్రొక్కుకొనియుండెను, అటులనే ఇచ్చెను. ఆ మాట మా నోరు మూయలేదని మేము ప్రమాణము చేయజాలము.

నేల క్రుంగిన మరునాడు ఆ తల్లి మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఆ నుయ్యి సంగతి మీకు తెలుసునా?" అని అడిగెను. తెలుసునని చెప్పితిమి. ఆమె మరి యేమియు అనక గుమ్మము దగ్గర కొంతసేపు నిలువబడి వెళ్లిపోయెను. ఆమె తిట్టియుండినయెడల మాకు తేలికగా నుండెడిది.

కొన్ని దినములకు పట్టణములోని ఒక ప్లీడరు గారిని కలిసికొంటిమి. దస్తావేజునకు సాక్షి సంతకము పెట్టినవాడు అందలి సంగతులన్నియు ఎరిగినవాడని చట్టము ఎంచదు, కావున మీకు భయము లేదని ఆయన మొదట మాతో చెప్పెను. మేము వెళ్లినది మా కొరకు కాదని చెప్పిన పిమ్మట, అసలు సంగతి వివరించెను.

1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టములో 55వ సెక్షను అమ్మువానికిని కొనువానికిని గల విధులను నిర్ణయించినది. అందులో మొట్టమొదటి విధి యిదియే: ఆస్తిలో గాని దానిమీది హక్కులో గాని ముఖ్యమైన లోపమేదైన నుండి, అది అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియక, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో చూచినను కనుగొనలేనిదైన యెడల, అమ్మువాడు దానిని చెప్పి తీరవలెను. అడిగిననే చెప్పవలెనని అందులో లేదు. ఆ సెక్షను చివర ఇంకొక మాట కలదు. అట్లు చెప్పకపోవుట మోసమే యని చట్టము పేరు పెట్టి పిలిచినది. దీనిని విన్నప్పుడు మేము కొంతసేపు ఊరకుంటిమి. మాట తప్పు కావచ్చును, మౌనము తప్పు కాదు అని ఎన్ని ప్రసంగములలో మేము నెమ్మదిగా దాటిపోతిమో!

అయితే చట్టము కొనువానిని కూడ కన్ను తెరచి చూడుమన్నది. ఒరిగిన గోడ, త్రోవ లేని పెరడు, కారుచున్న కప్పు, ఇట్టివి ఎవరికైనను కనబడును. వాటిని చూడక కొని పిమ్మట మొరపెట్టినచో వినువారుండరు. నేల క్రింది నుయ్యి అట్టిది కాదు. మరియు లోపమును చెప్పకుండుట ఒకటి, లోపముమీద పూత పూసి కప్పుట ఇంకొకటి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఉత్త మౌనమైనచో నీవు సామాన్య జాగ్రత్తతో కనుగొనగలవాడవు గదా యని అమ్మినవాడు ఎదురు వాదింపవచ్చును. బుద్ధిపూర్వకముగా దాచిపెట్టినవానికి ఆ వాదము పనికిరాదు. క్రొత్త సున్నము, క్రొత్త నాపరాళ్లు ఏ వరుసలోనికి వచ్చునో చదువువారే యోచింపుడు.

పరిశుద్ధ గ్రంథములో ఇంటి లోపమును గూర్చి ఒక అధ్యాయమే కలదని మనలో ఎందరికి తెలియును? లేవీయకాండము 14వ అధ్యాయము రెండవ సగము చూడుడు. కనానులో ఇంటి గోడకు పచ్చని లేక ఎఱ్ఱని మచ్చలు గుంటలు పడిన యెడల, ఆ యింటివాడు తానే యాజకుని యొద్దకు వెళ్లి చెప్పవలెను. అది నిశ్చయముగా కుష్ఠమని చెప్పనక్కరలేదు. అటువంటిది కనబడుచున్నదని చెప్పిన చాలును. తరువాత ఏడు దినములు ఇల్లు మూయుట, చెడిన రాళ్లను ఊరిబయట పారవేయుట, క్రొత్త రాళ్లు పెట్టి పూయుట, మరల పుట్టినచో ఇల్లు కూల్చుట, ఇదంతయు వరుసగా వ్రాయబడినది. అందులో ఒక చిన్న సంగతి మమ్మును ఆపెను. యాజకుడు లోపలికి పోకమునుపే ఇంటిలోని సామగ్రియంతయు బయట పెట్టించవలెనట, అవికూడ అపవిత్రములని తేలకుండునట్లు. అనగా తనంతట వచ్చి చెప్పినవానికి వీలైనంత నష్టము తప్పింపవలెనని ధర్మశాస్త్రము చూచినది. మనమో, లోపము ఒప్పుకొనినవానిని ఊరంతయు నవ్వుచున్నాము. ధర సగమునకు విరుచుచున్నాము. కొనువాడు వస్తువును తీసివేసి మాటలాడి, ఇంటికి పోయి తన లాభమును చెప్పుకొని సంతోషించునని సామెతల గ్రంథకర్త ఎరుగును. అట్టి బేరగాండ్ర నడుమ సత్యము చెప్పుట కష్టము. కష్టమని చెప్పుచున్నాము గాని అక్కరలేదని చెప్పుటలేదు.

లోపము గల ఇల్లు అమ్మరాదా? అమ్మవచ్చును. యిర్మీయా అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొనినప్పుడు బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండెను. దేశమంతయు శత్రువుల చేతికి పోవుచుండగా ఆ పొలమునకంటె లోపము గల ఆస్తి యేది? అయినను కొనువాడు సమస్తము ఎరిగి కొనెను, సాక్షులు సంతకములు చేసిరి, ముద్ర వేసిన పత్రమును వేయని పత్రమును రెండును కుండలో భద్రపరచిరి. ఆ బేరములో మోసము లేదు. పూడ్చిన నూతిమీది గదిని గూర్చి మా సహోదరుడు ఒక్క మాట చెప్పియుండినయెడల, ఆ తల్లి లక్షన్నర తగ్గించి కొనెడిదేమో, లేక మానుకొనెడిదేమో. ఆ నిర్ణయము ఆమెది. దానిని ఆమె చేతినుండి తీసివేసిన పాపములో ఆయనతోకూడ మేమును పాలివారమే.

ఇచ్చట ఒకరు మమ్మును అడిగిరి: పొలములో ధనము దొరికినవాడు దానిని దాచిపెట్టి, ఆ పొలము కొనెనని ప్రభువు చెప్పలేదా? చెప్పెను. ఆ ఉపమానము పరలోక రాజ్యమునకు వెల కట్టలేమని చెప్పుటకే గాని పొలము బేరములు నేర్పుటకు కాదు. పైగా మన చట్టము కొనువానిని కూడ విడువలేదు. అమ్మువాని హక్కు అతడు తలంచినదానికంటె విశాలమైనదని కొనువాడు మాత్రమే ఎరిగియుండి, దానివలన ఆస్తి విలువ మిక్కిలి పెరుగునదైన యెడల, కొనువాడే నోరు విప్పవలెను.

ఇక మోసపోయినవారికి గల మార్గములు. మా సహోదరికి ప్లీడరు గారు చెప్పినవానిని మేము విన్నంతమట్టుకు వ్రాయుచున్నాము. మీ సంగతి వేరుగా నుండవచ్చును గనుక మీరు మరల విచారించుకొనుడు. ఆమె క్రయమును రద్దుచేయించి సొమ్ము తిరిగి పొందవచ్చును, లేక ఇంటిని ఉంచుకొని నష్టమును రాబట్టవచ్చును. రద్దు కోరినచో ఒక పక్షమువారు మాత్రము రిజిస్ట్రారు కచేరికి పోయి దస్తావేజును కొట్టివేయింప వీలులేదు. ఇరువురి సమ్మతియైనను కోర్టు తీర్పైనను కావలెను. దీనికి గడువు మూడేండ్లు. 1963 కాలపరిమితి చట్టము ప్రకారము ఆ మోసము తెలిసిన దినమునుండి లెక్క. ఈ గడువును గూర్చి కాపరులమైన మేము మిక్కిలి జాగ్రత్తగా నుండవలెను. ఓర్చుకొనుము, ప్రార్థించుము, ఆయన మనస్సు మారునేమో చూతము అని చెప్పుచు మూడేండ్లు గడిపించినచో, అమ్మినవానికి మనము చేసిన సహాయము ఏ ప్లీడరును చేయలేడు. లోపము తెలిసిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు ఊరకుండుట, ఆ యింటిని తాకట్టు పెట్టుట మొదలైన పనులు కూడ రద్దు హక్కునకు అడ్డువచ్చును. తేదీతో ఫోటోలు తీయవలెను, మేస్త్రీచేత చూచినదంతయు వ్రాయించుకొనవలెను, అమ్మినవానికి చేరినట్లు రసీదు వచ్చునట్లు నోటీసు పంపవలెను.

పోలీసు ఠాణా మాట కూడ వచ్చెను. నిజాయితీ లేక సంగతులను దాచుట వంచనయేయని 2024 జూలై 1 వరకు అమలులోనున్న శిక్షాస్మృతి చెప్పినది, ఆ దినమునుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను చెప్పుచున్నది. అయితే సొమ్ము రాబట్టుటకు ఠాణాను వాడుకొనుట మాకు ఇష్టములేదు, ఆ తల్లికిని ఇష్టములేదు.

గోడలలోని లోపముకంటె హక్కులోని లోపము ఘోరమైనది. మన క్రైస్తవ కుటుంబములలో ఇది తరచుగా దాగియుండును గనుక చెప్పుచున్నాము. మనకు వర్తించు 1925 భారతీయ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక తండ్రి మరణించినచో విధవకు మూడవ వంతు పోగా మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. కుమార్తె కాపురమునకు పోయినను ఆమె భాగము పోదు. అన్నదమ్ములు మాత్రము సంతకము చేసి తండ్రి యిల్లు అమ్మివేసి, అక్కచెల్లెండ్రకు పెండ్లిలో ఇచ్చితిమి గదా యందురు. పిమ్మట ఆ చెల్లెలో ఆమె పిల్లలో వచ్చి భాగమడిగినప్పుడు కొనినవాడు తెల్లబోవును. వేరే షరతు లేనియెడల, తనకు అమ్ము హక్కు కలదని అమ్మినవాడు మాట ఇచ్చినట్లే అదే 55వ సెక్షను ఎంచును గనుక, కొనినవాడు అమ్మినవానినే అడుగవచ్చును. ఆస్తిమీది పన్నుల బకాయిలు అమ్మకపు దినమువరకు అమ్మినవానివే యని కూడ అందులోనే యున్నది. కాని ప్రభుత్వము బీదలకిచ్చిన పట్టాభూముల సంగతి వేరు. సాగుకు గాని ఇంటిస్థలముగా గాని ఇచ్చిన అట్టి భూమి అమ్ముటను 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాత ఉభయ రాష్ట్రములలోను సవరణలు వచ్చినవి గాని, కొనకమునుపు ఆ భూమి నిషేధిత జాబితాలో నున్నదేమో చూచుకొనక తెల్ల కాగితముమీద కొనినవారు అనేకులు నష్టపోయిరి. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసికొనుట మరువకుడి. అందులో రిజిస్టరైన వ్యవహారములు మాత్రమే కనబడును. నుయ్యి కనబడదు, చెల్లెలును కనబడదు.

పట్టణములో కట్టడదారుని యొద్ద ఫ్లాటు కొనిన మన పిల్లలకు 2016 రేరా చట్టము మేలైనది. స్వాధీనమిచ్చిన దినమునుండి అయిదేండ్లలోపు కట్టడములో లోపము బయటపడి, దానిని తెలియజేసిన ముప్పది దినములలో కట్టడదారుడు ఉచితముగా బాగుచేయవలెను. చిన్న కట్టడములకు ఇది వర్తింపదు. గ్రామములో ఒకరినుండి ఒకరు కొను ఇండ్లకును వర్తింపదు.

ఇంతకు విశ్వాసి విశ్వాసిమీద వ్యాజ్యెమాడవచ్చునా? మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయమును ఆ తల్లి యెదుట మా పెద్దలు చదివిరి. అన్యాయము సహించుట మేలు గదా యను భావముగల 7వ వచనముతో ఆపిరి. మేమును అనేక పర్యాయములు అక్కడనే ఆపితిమి. ఆ దినమున ఆ తల్లికి చదువురాదు గనుక ప్రక్కనున్న మనుమరాలు తరువాతి వచనము చదివెను. అచ్చట అపొస్తలుడు సహోదరులకే అన్యాయము చేసి సహోదరుల సొత్తునే అపహరించువారిని గద్దించుచున్నాడు. గదిలో ఎవరును మాటలాడలేదు. సహించుమను మాట మోసపోయినవారికి వినిపించుటకు ముందు, తిరిగి ఇమ్మను మాట మోసగించినవారికి వినిపించవలెను. ఆ రెండవది వినిపించుటకు ధైర్యము లేనివారికి మొదటిది చెప్పుటకు అధికారమెక్కడిది? అన్యాయమును క్షమించు హక్కు దానిని అనుభవించినవారిది. వారి తరపున పెద్దలు దానధర్మము చేయరాదు. పౌలు తానే కైసరునెదుట చెప్పుకొందునని అడిగినవాడు.

కావున మత్తయి 18లోని వరుసను పట్టుకొంటిమి. తల్లి ఒంటరిగా వెళ్లి అడిగెను. కొనినప్పుడు చూచుకొనవలదా అని సమాధానము వచ్చెను. ఇద్దరు పెద్దలతో వెళ్లెను; నుయ్యియే లేదనిరి. అప్పుడు ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము లేచి, ఆ నుయ్యి యుండెననియు, పూడ్చుట చూచితిమనియు, తెలిసి సంతకము పెట్టితిమనియు సంఘమంతటి యెదుట చెప్పితిమి. మా కాళ్లు వణికెను. అమ్మిన సహోదరుడు లేచి వెళ్లిపోయెను, రెండు నెలలు మందిరమునకు రాలేదు. కప్పుకు వచ్చిన ఏబది వేలు ఆ తల్లికి ఇచ్చివేయుటకు పెద్దలు తీర్మానించిరి. కప్పు ఆ సంవత్సరము కూడ కారెను.

ఈ మధ్యనే ఆ తల్లికి గొప్ప శోధన వచ్చెను. మేస్త్రీ మంచివాడే, ఆమెమీద జాలిపడి, నెర్రె పూడ్చి నేల ఎత్తి సున్నము వేయించెదను, పైయూరి వారెవరికైన అమ్మివేయుమని చెప్పెను. "వాళ్లు మాకు చేసిందే మేమూ చేస్తే తప్పేముంది అయ్యగారూ?" అని ఆమె మమ్మును అడిగెను. కువైట్‌లో కుమార్తె తొమ్మిదేండ్లు కడిగిన అంట్లు ఆమె కన్నులయెదుట నుండెను. మేము వెంటనే ఉత్తరమియ్యలేదు. ఇచ్చుటకు మాకు ముఖము లేదు. చివరకు, "అమ్మా, కొనువారు మరల మమ్మును సాక్షి సంతకమునకు పిలిచిన యెడల నేనేమి చేయవలెను?" అని అడిగితిమి. ఆమె చాలసేపు నేల చూచి, "ఆ గదిలో వాళ్ల పిల్లలు పడుకుంటారు గదా" అని తానే చెప్పుకొనెను. ఆ రాత్రినుండి ఆమె తన మంచమును వసారాలో వేసికొనెను.

1987 న్యాయ సేవల చట్టము క్రింద స్త్రీలకు ఆదాయముతో పనిలేక ఉచితముగా ప్లీడరు సహాయము దొరకునని అప్పటికి తెలిసికొంటిమి. మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టగా, దావా వేయకమునుపే లోక్ అదాలతునకు ఇరు పక్షములను పిలిచిరి. అక్కడ ఫీజు లేదు. కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు. నుయ్యి త్రవ్వి అడుగునుండి పునాది తెచ్చుటకు రెండు లక్షల నలువది వేలు అగునని మేస్త్రీ వ్రాసియిచ్చెను. సహోదరుడు లక్షా డెబ్బది వేలు రెండు వాయిదాలలో ఇచ్చుటకు ఒప్పుకొనెను. సంఘమునుండి ఏబది వేలు. మిగిలిన ఇరువది వేలు తాను విడిచిపెట్టితినని ఆ తల్లి అధికారుల యెదుట చెప్పెను. ఎవరును ఆమెను అడుగలేదు. 2023 ఆగస్టు వాయిదా తెచ్చి యిచ్చినప్పుడు ఆయన వసారాలో కూర్చుండి కాఫీ త్రాగి పోయెను.

మొన్న ఇంకొక క్రయమునకు మమ్మును సాక్షిగా పిలిచిరి. దస్తావేజు లేఖరి కాగితములు సర్దుచుండగా, ఈ యింటిని గూర్చి చెప్పవలసినది ఏమైన నున్నదా యని అమ్మువానిని అడిగితిమి. లేఖరి విసుగుకొనెను. అమ్మువాడు కొంతసేపు తడబడి, పెరటి త్రోవ తనది కాదనియు, పొరుగువాడు మంచితనముచేత విడిచినదనియు చెప్పెను. ఆ దినమున రిజిస్ట్రేషను కాలేదు. పది దినములకు పొరుగువానిని కూడ కూర్చుండబెట్టి, ధర నలువది వేలు తగ్గించి వ్రాసికొనిరి.